ఆవిడ దిద్దకుండా వదిలిన రాగం

మా మనవరాలి టీచరు పోయారు. పోయిన నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. డ్రైవ్ చేస్తూ ఫోన్ చేస్తే నేను మాట్లాడనని దానికి తెలుసు.

"కార్ ఆపావా?" అన్నాను ముందు.

"ఆపానమ్మా. గ్రోసరీ పార్కింగ్‌లో ఉన్నా. టీచర్ పోయారట. పొద్దున నిద్రలోనే. సినగాగ్ నుంచి కాల్ వచ్చింది."

తరవాత, "దానికెవరు చెప్తారు? నా వల్ల కాదమ్మా" అంది. వేరే ఊళ్ళో కాలేజీలో చదువుకుంటున్న మనవరాలికి నేనే చెబుతానన్నాను. చెడ్డ కబురును చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు. "మీ టీచరు పొద్దున పోయారు. బాధ పడలేదట" అన్నాను.

"అమ్మమ్మా, నువ్ ఒక్కదానివే ఉన్నావా ఇంట్లో?"

"ఉన్నాను."

"ఓకే. ఫోన్ పెట్టకు. టాక్ చెయ్యక్కర్లేదు. జస్ట్ పెట్టకు."

పెట్టలేదు. ఎదుటివాళ్ళ దుఃఖం దగ్గర మాటలు వెతుక్కోకుండా ఊరికే ఉండటం ఆ పిల్లకు ఎవరు నేర్పారో నాకు తెలుసు.

ఆవిడ మన మనిషి కాదు, మన భాష రాదు. అయినా ఈ పత్రిక చదివే తెలుగువాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలనిపించింది. మా ఇంట్లో ఒక మరణం జరిగిన ఏడాది, ఇంట్లో ఎవరికీ చేతకాని పనిని ఆవిడ చేసి పెట్టారు.

మా అల్లుడు యూదుడు. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లోనే పుట్టి పెరిగాడు. మా అమ్మాయి మతం మారలేదు, అతను మారమని అడగలేదు. తల్లి యూదురాలు కాకపోయినా తండ్రి తరఫున పిల్లల్ని తమవాళ్ళుగా స్వీకరించే సినగాగ్‌లో మా మనవరాల్ని చేర్చారు. సినగాగ్ అంటే వాళ్ళ ప్రార్థనాలయం. పన్నెండు పదమూడేళ్ళు వచ్చిన ఆడపిల్లకు అక్కడ బాట్ మిత్స్వా అని ఒక వేడుక చేస్తారు. ఒక శనివారం పొద్దున పిల్ల అందరి ముందూ నిలబడి, తోరా గ్రంథంలో ఆ వారానికి నిర్ణయించిన భాగాన్ని హీబ్రూలో రాగంతో చదవాలి. ఇది మన ఉపనయనం లాంటిదా అని నన్ను చాలామంది అడిగారు. కొంతవరకే. ఉపనయనంలో తండ్రి చెవిలో చెబితే పిల్లవాడు వెంట అంటాడు. ఇక్కడ పిల్ల ఒక్కతే చదవాలి. ఆ గ్రంథం చేత్తో రాసిన చర్మపత్రపు చుట్ట; అందులో రాగం గుర్తులేవీ ఉండవు. అంతా ముందే నోటికి వచ్చి ఉండాలి. అందుకే దాదాపు ఏడాది ముందు నుంచి నేర్పుతారు.

మనవరాలికి వాళ్ళ నాన్నే మొదలుపెట్టాడు. రాత్రి భోజనం అయ్యాక ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క వాక్యం పాడుకునేవారు. అతని గొంతు అంత గొప్పదేం కాదు. ఆ వసంతంలో ఒక ఆదివారం ఉదయం పెరట్లో గడ్డి కోస్తూ పడిపోయాడు. గుండె. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

వేడుక ఆ శరదృతువుకు నిర్ణయమై ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళలో హీబ్రూ అక్షరం తెలిసిన ఒకే ఒక్క మనిషి పోయాడు.

అప్పుడు సినగాగ్ వాళ్ళు ఆవిడను పంపారు. బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు, ఉన్నది ఒక్క తమ్ముడు. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు ఈ వేడుకకు సిద్ధం కావాల్సి వస్తే వాళ్ళు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. అలాగని ఎవరూ ఏర్పాటు చేయలేదట. ఒక పిల్లవాడికి చెప్పారు, ఆ తరవాత ఇంకొకరు అడిగారు, అలా అది ఆవిడ పని అయిపోయింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వాటిని గోడకు ఆనించి సరిగ్గా పెట్టారు. అది చూసి ఆవిడ మీద నాకు కొంత మంచి అభిప్రాయం కలిగింది. ఆ తరవాత పది నిమిషాలకే ఇద్దరం వాదించుకున్నాం.

"ఏడాది తిరగలేదు. ఏడాది లోపల మా ఇళ్ళల్లో పండగే చేసుకోము. వేడుక ఎలా చేస్తాం? సంవత్సరీకం అయ్యాక వచ్చే వేసవిలో పెట్టుకుంటాం" అన్నాను.

ఆవిడ నన్ను పూర్తిగా చెప్పనిచ్చారు. "ఏడాది పాటు ఏమేం చేయరు మీరు?"

"పెళ్ళిళ్ళకు వెళ్ళం. కొత్త బట్టలు కట్టం. గుమ్మానికి తోరణం కట్టం."

"మాలోనూ తల్లో తండ్రో పోతే ఏడాది పాటు విందులకూ పాటలకూ వెళ్ళరు. మీకూ నాకూ తగువేం లేదు. హాలు కాన్సిల్ చేసేయండి. డీజే వద్దు. కేక్ వద్దు. కానీ గ్రంథం చదవడం విందు కాదు. పిల్లకు ఆ వయసు వచ్చింది, తన బాధ్యత తను ఎత్తుకోవాలి. నాన్న ఉన్నాడా లేడా అని చూసుకుని ఆ వయసు ఆగదు కదా."

"కొన్ని నెలలు ఆలస్యమైతే మునిగిపోయేదేముంది?"

"మునిగేదేమీ లేదు. ఏ వారం భాగం ఆ వారానిది. వేసవికి జరిపితే వేరే భాగం వస్తుంది. కొత్తగా మొదలుపెట్టాలి. అదొక్కటే."

మనవరాలు మెట్ల మీద కూర్చుని ఉన్న సంగతి మాకెవరికీ తెలియదు. తండ్రి పోయినప్పటి నుంచి ఆ పిల్ల అవసరానికి మించి నోరు విప్పలేదు. అక్కడి నుంచే అంది, "నాకు వేరేది వద్దు. నాన్న, నేను ఆల్రెడీ స్టార్ట్ చేశాం."

ఆ మాట తరవాత ఇక వాదనేముంది? తేదీ అలాగే ఉంచాం. హాలు కాన్సిల్ చేశాం.

ఆ రోజు నుంచి మంగళవారం సాయంత్రాలు ఆవిడవి. మేము మాంసం వండుకోము గనక మా ఇంట్లో తినడానికి ఆవిడకు, మాంసమూ పాలూ కలవకూడదనే వాళ్ళ ఆచారం అడ్డు రాలేదు. "మీ ఇంట్లో ఏది దేనితో కలిసిందో అడగక్కర్లేదు, ప్రాణానికి సుఖం" అనేవారు. పులిహోర ఇష్టంగా తినేవారు, మిరపకాయలన్నీ ఏరి పళ్ళెం అంచున వరసగా పేర్చి. "ఇవి దేనికి వేస్తారు, శత్రువులు వస్తే పెట్టడానికా?" అని అడిగారోసారి. "తినేవాళ్ళకు తెలుస్తుంది" అన్నాను. ఆ మరుసటి వారం నా ముందే ఒకటి కొరికి, కళ్ళ నీళ్ళు కారుతుంటే కదలకుండా కూర్చుని, "సరే, తెలిసింది" అన్నారు.

పాఠం దగ్గర మాత్రం సరదాలు లేవు. ఒక్క అక్షరం జారినా వాక్యం మొదటి నుంచి. గొణిగితే మళ్ళీ. ఒకసారి ఆవిడా నేనూ ఒకేసారి, ఆవిడ ఇంగ్లీషులో నేను తెలుగులో, "నిటారుగా కూర్చో" అన్నాం. పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఓ మై గాడ్, టూ అమ్మమ్మలు!" అంది. తండ్రి పోయాక మా ఇంట్లో మొదటిసారి నవ్వు వినిపించింది అప్పుడే. మా అమ్మాయి గరిటె చేత్తో పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, ఏమైందో అని.

ఆవిడ పద్ధతుల్లో ఒకటి నాకు మొదట మింగుడు పడలేదు. ఆవిడ మా అల్లుడి గురించి మాట్లాడేవారు. పక్క గదిలో ఉన్న మనిషి గురించి మాట్లాడినట్టు. "ఈ వాక్యం మీ నాన్న ఎలా నేర్పాడు? ఇక్కడ ఊపిరి తీసుకోమన్నాడా? నువ్వు తప్పు చేస్తే ఏమనేవాడు?" మేము అప్పటికి ఇంట్లో అతని పేరు తలవడం మానేశాం. పిల్ల బాధపడుతుందని మేమూ, తల్లి బాధపడుతుందని పిల్లా. ఆవిడ అలా అడిగిన మొదటి రోజు మా అమ్మాయి లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోయింది. డ్రయర్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అందులో బట్టలు వేయలేదని నాకు తెలుసు.

పాఠం అయ్యి పిల్ల పైకి వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను. "అలా పదే పదే గుర్తు చేయడం అవసరమా?"

"మర్చిపోతే కదా గుర్తు చేయడం" అన్నారు. ఆవిడ వేడినీళ్ళలో నిమ్మచెక్క పిండుకుని తాగేవారు, ఆ కప్పు చేతుల మధ్య పట్టుకుని చెప్పారు. వాళ్ళ తమ్ముడికి ఈ వేడుక జరిగే ముందు వాళ్ళ నాన్న పోయారట. బంధువులందరూ వచ్చారు, అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు, ఆ రోజంతా ఒక్కరు కూడా ఆయన పేరెత్తలేదు. "మా తమ్ముడు తడబడకుండా చదివాడు. అందరూ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా మంచం కింద దూరి పడుకున్నాడు. ఆ మర్యాదను నేను ఇప్పటికీ క్షమించలేదు."

మరుసటి మంగళవారం నేనే, "మా అల్లుడికి పులిహోరలో పల్లీలు ఎక్కువ ఉండాలి" అన్నాను. ఆవిడ తలూపి, "నాకూ అంతే" అన్నారు.

ఇక ఆ రాగం సంగతి. తండ్రి నేర్పిన భాగంలో ఒక వాక్యం చివర గొంతు కిందికి దిగాలట. మా మనవరాలు పైకి ఎత్తేది. టీచరు ఆపారు, తను పాడి వినిపించారు. పిల్ల మళ్ళీ పైకే ఎత్తింది. మళ్ళీ ఆపారు. సంగీతం తెలియని నాకు కూడా తెలిసేటంత తేడా అది.

"నేను పాడేది వినబడుతోందా నీకు?"

"వినబడుతోంది."

"మరి?"

పిల్ల బల్ల వంకే చూస్తూ, "నాన్న ఇలా పాడాడు" అంది.

టీచరు పెన్సిల్ కింద పెట్టారు. "ఇంకోసారి పాడు." పాడింది. "మీ నాన్నకెవరు నేర్పారు?"

"మా తాత."

"అయితే మీ తాతదీ తప్పే. మీ నాన్నదీ తప్పే. ముగ్గురూ తప్పే." ఆ పిల్ల పెదవి వణకడం చూశాను. ఆవిడా చూశారు. "సరే, తరవాతి వాక్యం" అన్నారు. పుస్తకంలో ఎక్కడ దిద్దాలన్నా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టడం ఆవిడ అలవాటు. అక్కడ గీత పెట్టలేదు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక కంపెనీలో లెక్కలు తనిఖీ చేసేదాన్ని. తప్పు కనిపించాక దాన్ని దాటి పోవడం నాకు రాదు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే అడిగాను, "తప్పన్నారు. దిద్దలేదేం?"

ఆవిడ నా వంక కొంచెం ఇష్టంగా చూశారు. అలాంటి ప్రశ్నలు ఆవిడకు నచ్చుతాయి. "చదివేవాళ్ళ పక్కన ఒకరు నిలబడి పుస్తకంలో చూస్తుంటారు. మాట తప్పి అర్థం మారితే వెంటనే ఆపి దిద్దాలి, అది నియమం. పెద్ద పండితుడైనా సరే, ఆపాల్సిందే. రాగం తప్పి అర్థం మారకపోతే ఆపనక్కర్లేదు. ఆ సందు నియమమే ఇచ్చింది. నాదేం లేదు." లేచి కోటు వేసుకుంటూ, "ఇంకే వాక్యంలోనూ ఆ సందు వాడుకోనివ్వను. అది కూడా దానికి చెప్పండి" అన్నారు.

నా బతుకంతా నియమాలతోనే గడిచింది. నియమాన్ని గీత దాటకుండా పాటిస్తూనే ఒక పిల్లకు తండ్రి గొంతును మిగల్చవచ్చని ఆ గుమ్మం దగ్గర మొదటిసారి తెలుసుకున్నాను.

కానీ ఆ వాక్యమే మాకు గండమైంది. వేడుక దగ్గర పడ్డాక సినగాగ్‌లో, అసలు గ్రంథం ముందు నిలబెట్టి చదివించారు. పిల్ల ఆ వాక్యం దాకా చక్కగా వచ్చింది. అక్కడ గొంతు ఎత్తబోయి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే. మూడోసారి మెట్లు దిగి వచ్చేసి కార్లో కూర్చుంది. "నేను చెయ్యను. ఐ కాంట్. అందరి ముందు ఏడుస్తాను" అంది. ఎంత బతిమాలినా తలుపు తీయలేదు.

మా అమ్మాయి పార్కింగ్ లాట్‌లో టీచరును పట్టుకుంది. "ఆ ఒక్క లైన్ కరెక్ట్ ట్యూన్‌లోకి మార్పించేయండి, ప్లీజ్. అది వాళ్ళ నాన్న వాయిస్ కాకపోతే చదివేస్తుంది. లేదంటే ఆ లైన్ వేరే ఎవరైనా చదవొచ్చు కదా?"

"చదవొచ్చు. అందులో తప్పేం లేదు. ఏ రాగమన్నది మాత్రం మీరూ నేనూ తేల్చేది కాదు" అని ఆవిడ కార్ అద్దం మీద తట్టారు. పిల్ల అద్దం కొంచెం దించింది. ఆవిడ లోపలికి వంగలేదు, బుజ్జగించలేదు.

"ఏడుస్తావు. నేను ఏడవవని చెప్పను. ఏడుపొస్తే ఆగు."

"ఎంతసేపు?"

"ఎంతసేపైనా. శనివారం మావాళ్ళెవరూ వేరే పని పెట్టుకోరు. ఎక్కడికీ పోరు."

"యూ విల్ బీ మ్యాడ్."

"నువ్వు గొణిగితే కోపం వస్తుంది. ఏడిస్తే రాదు."

పిల్ల అద్దం పైకి ఎత్తేసింది. చదువుతానని అనలేదు, చదవనని కూడా అనలేదు. వేడుక రోజు పొద్దున దాకా మాకు తెలియదు.

ఆ లోపల ఇంకో చిక్కు వచ్చింది. జెర్సీ సిటీలో ఉండే అల్లుడి అక్క, ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి దాని మీద తమ్ముడి ఫోటో పెడతానంది. ప్రేమతోనే అంది. టీచరు ససేమిరా వీల్లేదన్నారు. "పిల్ల తలెత్తిన ప్రతిసారీ ఆ ఖాళీయే కనిపిస్తుంది. అక్కడ మనిషి కూర్చోవాలి, ఊపిరి తీసుకునే మనిషి." నా వైపు తిరిగి, "మీరు కూర్చోండి. మీ మొహం చూస్తే అది నిటారుగా నిలబడుతుంది" అన్నారు.

ఆ శనివారం పొద్దున మనవరాలు తనంతట తనే తయారై కిందికి దిగి వచ్చింది. వాళ్ళ నాన్న ప్రార్థనలో కప్పుకునే శాలువ దాని చేతిలో ఉంది. పొడవు ఎక్కువైతే మడత పెట్టి పిన్ను పెట్టండి, కత్తిరించవద్దు అని టీచరు ముందే చెప్పి ఉన్నారు. నేను ముదురు బూడిదరంగు నేతచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. చదవడానికి పిల్లను పేరు పెట్టి పిలిచేటప్పుడు తండ్రి పేరుతో కలిపి పిలుస్తారు, ఫలానా అతని కూతురు అని. అంతమందిలో మా అల్లుడి పేరు గట్టిగా వినబడేసరికి పక్కన మా అమ్మాయి నా చెయ్యి నలిపేసింది.

పిల్ల చదవడం మొదలుపెట్టింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. ఆగింది.

ఎవరూ దగ్గలేదు. పక్కన నిలబడిన పెద్దాయన పుస్తకంలో మాట మీద వేలు పెట్టి ఉంచాడు, అందించలేదు. టీచరు పక్క వరసలో కూర్చుని ఉన్నారు. ఆవిడకు ఆ మాట తెలుసు, పెదవి కూడా కదపలేదు. పిల్ల ఏడ్చింది. శాలువ అంచుతో మొహం తుడుచుకుంది. తలెత్తి నా వంక చూసింది. నేను కళ్ళు తుడుచుకోకుండా నిటారుగా కూర్చున్నాను. ఆ రోజు నాకు అప్పగించిన పని అదే. పిల్ల ఊపిరి తీసుకుని, వాక్యం మొదటి నుంచి అందుకుని, చివర గొంతు పైకి ఎత్తింది, వాళ్ళ నాన్న ఎత్తినట్టే, వాళ్ళ తాత ఎత్తినట్టే. పెద్దాయన చటుక్కున తలెత్తి టీచరు వైపు చూశాడు. ఆవిడ అడ్డంగా తల ఊపారు. ఆయన మళ్ళీ పుస్తకంలోకి చూసుకున్నాడు. పిల్ల చివరిదాకా చదివింది.

ఇంటికొచ్చేటప్పుడు ఆవిడను మా కార్లోనే దింపాం. దిగేటప్పుడు, "రెండో భాగంలో ఒకచోట గొణిగావు" అన్నారు. "ఐ నో" అంది పిల్ల. అంతే. మెచ్చుకోళ్ళేమీ లేవు.

ఆ తరవాత ఇన్నేళ్ళూ వీలైనప్పుడల్లా మంగళవారం వచ్చి నిమ్మచెక్క వేడినీళ్ళు తాగి వెళ్ళేవారు. పోయిన చలికాలం నుంచి ఆవిడకు మెట్లు ఎక్కడం కష్టమైతే నేనే వెళ్ళేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా మా అల్లుడి మాట ఒకటైనా రాకుండా ఉండేది కాదు.

వాళ్ళు అంత్యక్రియలు ఆలస్యం చేయరు. శనివారం చేయకూడదు గనక ఆదివారం పొద్దున అయింది. మనవరాలు ముందు రోజు రాత్రి ఫ్లైట్‌లో వచ్చింది. మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. అల్లుడు పోయినప్పుడు కూడా నేను ఇంట్లో దీపం దగ్గరే ఉండిపోయాను. ఈసారి కోటు వేసుకుని మనవరాలి పక్కన కార్లో కూర్చున్నాను. మా అమ్మాయి అద్దంలోంచి ఒకసారి చూసింది.

సన్నగా వాన పడుతోంది. అలంకారమేమీ లేని చెక్కపెట్టె. దాన్ని దింపాక వచ్చినవాళ్ళందరూ తలో కాస్త మట్టి వేశారు. పారను తిరగేసి, వీపు వైపు నుంచి వేస్తారు. ఈ పని మాకు ఇష్టం లేదని చెప్పడమట అది. వేసినవాళ్ళు పారను ఇంకొకరి చేతికి అందించకూడదు. మట్టిలో గుచ్చి పక్కకు తప్పుకోవాలి. తరవాతివాళ్ళు తామే వచ్చి తీసుకోవాలి.

ముందు ఆవిడ తమ్ముడు వేశాడు. ఆ తరవాత మా మనవరాలు వెళ్ళింది. తొందర పడలేదు. మట్టి చెక్క మీద పడిన చప్పుడు ప్రతిసారీ వినబడింది. కళ్ళు తుడుచుకోకుండా పారను మట్టిలో గుచ్చి వెనక్కి నడిచింది. పిలవలేదు, నా వైపు చూడలేదు.

నేను చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని తడి గడ్డి మీద ముందుకు వెళ్ళాను. పార పిడి పట్టుకుంటే, అంత వానలోనూ, ఆ పిల్ల చేయి ఉన్నచోట ఇంకా వెచ్చగా ఉంది.